రంది, బెంగ, టెన్షన్: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకదానికి అచ్చులో జవాబిచ్చేదాకా ఆగే వీల్లేదు. రాసిన సోదరితో అదే రోజు ఫోన్‌లో మాట్లాడాం. అలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి ఆ ప్రశ్నను, జవాబును ముందు పెడుతున్నాం.

ప్రశ్న: మా ఆయనకు 41 ఏళ్లు. రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. మిర్చికి నల్ల తామర పురుగు పట్టి పంట పోయింది. అప్పు ఏడు లక్షల దాకా ఉంది. నెల రోజుల నుంచి ఎవరితోనూ మాట్లాడడం లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి వాకిట్లో కూర్చుంటున్నాడు. మొన్న "నేను లేకుంటే మీరన్నా సుఖంగా ఉంటరు" అన్నాడు. చేతి గడియారం తీసి పెద్దోడికి ఇచ్చేశాడు. కదిలిస్తే ఇంకా బాధపడతాడేమోనని నేనేమీ అడగలేదు. ఏం చేయాలి?
(ఒక సోదరి, ఖమ్మం జిల్లా)

జవాబు: అమ్మా, ఈ రోజే అడగండి. పిల్లలు లేనప్పుడు పక్కన కూర్చుని, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అదే మాటతో అడగండి. లేని ఆలోచన మనమే పుట్టించినట్టు అవుతుందని అందరూ భయపడతారు. అలా జరగదు. గుండెలో బండలా మోస్తున్నదాన్ని ఒకరు పేరుపెట్టి అడిగినప్పుడు చాలామందికి మాట పెగులుతుంది. ఆయన చెబుతున్నంతసేపూ వినండి. "పిచ్చి మాటలు మాట్లాడకు", "పిల్లల మొహం చూసైనా", "నా మీద ఒట్టు" లాంటివి వద్దు. ప్రేమతో అన్నా సరే, ఆ మాటలు వింటే ఆయన నోరు మూసుకుంటాడు. లోపల ఉన్నది లోపలే ఉండిపోతుంది.

"అవును" అంటే ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. ఎలాగని అనుకున్నావు? ఎప్పుడని అనుకున్నావు? ఈ రెండింటికి జవాబు సిద్ధంగా ఉంటే, లేదా అందుకోసం ఏదైనా దాచి ఉంచితే, ఆయన్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. అదే రోజు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. రానంటే ఆయన మాట వినే మనిషిని, బావమరిదినో చిన్ననాటి స్నేహితుడినో, పిలిపించండి. దారి తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. ఇది మానసిక సాయం కోసం 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు. డబ్బులు పడవు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆయన మాట్లాడకపోయినా మీరు మాట్లాడి ఏం చేయాలో అడగవచ్చు.

రెండో పని పురుగుమందులది. దీన్ని సాయంత్రానికి వాయిదా వేయకండి. ఇంట్లో, కొట్టంలో, మోటారు గదిలో ఉన్న డబ్బాలన్నీ తీసి, మిగులు మందుతో సహా వేరే ఇంటికి చేర్చండి. తాళం వేయించండి. తాళంచెవి మీ ఇంట్లో ఉండకూడదు. చావాలన్న ఉద్ధృతి చాలాసార్లు నిమిషాల్లోనో గంటల్లోనో ఎగసి తగ్గిపోతుంది. ఆ కాస్త సమయంలో చేతికందే దూరంలో ఏముంది అన్నదాన్ని బట్టే ప్రాణం నిలబడుతుంది. ఆ గండం దాటినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆత్మహత్యతో చనిపోరు. అందుకే డబ్బాలు దూరంగా పెట్టడం చిన్న జాగ్రత్త అనుకోవద్దు. ఎక్కడైనా మందు తాగిన సంఘటనే జరిగితే ఉప్పునీళ్లు పోసి కక్కించకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేసి, డబ్బా మీది లేబుల్ వెంట తీసుకెళ్లండి. పోలీసు కేసు అవుతుందని ఎవరూ ఆలస్యం చేయకూడదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని, చికిత్స అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

మూడింటికే మెలకువ రావడం, మాట తగ్గిపోవడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం చూస్తే ఇది ఉట్టి రంది దాటి డిప్రెషన్‌లోకి వెళ్లినట్టుంది. దీనికి మందులు పనిచేస్తాయి. అయితే గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ వారాల్లో ఎవరో ఒకరు వెంట ఉండేలా ఇంట్లో వంతులు వేసుకోండి. కాస్త తేరుకున్నట్టు కనిపించగానే కాపలా సడలించకండి.

అప్పు సంగతి తర్వాత. ఆయన నిద్రపోవడం మొదలయ్యాక, ఒక కాగితం మీద ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఎప్పటికి అని నాలుగు గీతలు గీసి రాయండి. మనసులో తిరిగే ఏడు లక్షలు ఎప్పుడూ పది లక్షల్లా కనిపిస్తాయి. బ్యాంకు, సొసైటీ అప్పులకు గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడగాలి. ప్రైవేటు అప్పులవాళ్లు ఇంటిమీదికొచ్చి బెదిరిస్తే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. అప్పు తీరే దారి ఈ రాత్రికి దొరకదు. ఈ రాత్రి ఆయన్ని కాపాడుకుంటే ఆ దారి వెతకడానికి సమయం ఉంటుంది.

ప్రశ్న: నాకు 32. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నైట్ షిఫ్టు. ఆరు నెలల కిందట ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నడుపుతుంటే గుండె దడదడా కొట్టుకుంది, ఊపిరాడలేదు, వేళ్లు తిమ్మిరెక్కాయి, చచ్చిపోతున్నాననుకున్నా. అప్పటినుంచి మూడుసార్లు ఎమర్జెన్సీకి వెళ్లాను. ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ అన్నీ నార్మల్. "ఏం లేదు, టెన్షన్" అని పంపేశారు. ఏం లేకపోతే నాకెందుకిలా అవుతోంది?
(పేరు రాయవద్దన్న పాఠకుడు)

జవాబు: "ఏం లేదు" అనడం తప్పు. మీకు ఉన్నదానికి పేరుంది: పానిక్ అటాక్. గుండె బాగుంది, దానికి అందిన ఆజ్ఞ మాత్రం తప్పు ఆజ్ఞ.

ఎదుట పాము కనబడితే ఒంట్లో ఏం జరగాలో అదే మీకు కారులో జరిగింది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు క్షణాల్లో అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాలకు మళ్లుతుంది, ఊపిరి జోరందుకుంటుంది. పోరాడడానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఈ ఏర్పాటును హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ 1915 నాటికే వర్ణించాడు. పాముంటే మీరు పరిగెత్తేవారు, ఆ శక్తి ఖర్చయ్యేది. సీటు బెల్టు పెట్టుకుని కూర్చుని అంత జోరుగా ఊపిరి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దానివల్ల మెదడుకు పోయే రక్తనాళాలు కాస్త ముడుచుకుని తల తిరుగుతుంది. పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లు వస్తాయి. ఛాతీ కండరాలు అలిసిపోయి బిగుస్తాయి. ఆ బిగువును మీరు గుండెపోటు అనుకుంటారు. ఆ భయానికి ఇంకో విడత అడ్రినలిన్ వస్తుంది. ఇలా తిరిగే చక్రం దాదాపు పది నిమిషాల్లో శిఖరానికి చేరి, అరగంటలోపు దానంతటదే దిగుతుంది. మీరు ఆసుపత్రి గుమ్మం ఎక్కేసరికి తగ్గిపోయి ఉంటుంది. అందుకే ఆసుపత్రికి వచ్చాను కాబట్టే బతికాను అని మనసు లెక్క కట్టుకుంటుంది.

అలాంటప్పుడు పక్కనున్నవాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చు" అంటారు. అది వినకండి. ఊపిరి ఇప్పటికే ఎక్కువైంది. నోరు మూసి, ముక్కుతో, చిన్నగా, నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. నిమిషానికి ఆరు ఊపిరులు అవుతాయి. చేయి పొట్ట మీద పెట్టుకోండి, ఛాతీ కాకుండా పొట్ట కదలాలి. ఐదు నిమిషాలు చేయాలి. దీన్ని మొదటిసారి అటాక్ మధ్యలో ప్రయత్నిస్తే కుదరదు, "ఇది కూడా పనిచేయలేదు" అని భయం రెట్టింపవుతుంది. నిమ్మళంగా ఉన్నప్పుడే పూటకు పది నిమిషాలు, రోజుకు రెండు పూటలు, రెండు వారాలు సాధన చేసి ఉండాలి. సినిమాల్లో చూపించే కాగితపు సంచిలో ఊపిరి వదిలే పద్ధతి వద్దు, అది ప్రమాదకరం.

ఇక అసలు పని. మీరు రాయకపోయినా ఊహించగలం: ఔటర్ మీదికి వెళ్లడం మానేసి ఉంటారు, లిఫ్టు ఎక్కకపోవచ్చు, మెట్లెక్కితే దడ వస్తుందని అదీ తగ్గించి ఉంటారు, చేతి వాచీలో నాడి ఎంతుందో గంటకు పదిసార్లు చూస్తుంటారు. ఇలా తప్పించుకున్న ప్రతిసారీ ఆ నిమిషానికి ఉపశమనం దొరుకుతుంది, భయం మాత్రం ఇంకో అంగుళం మేస్తుంది. దీన్ని తిరగదోడాలి. భయపెట్టే పనులు సున్నా నుంచి వందదాకా మార్కులు వేసుకుని రాయండి. 30 మార్కుల పనితో మొదలుపెట్టండి: కాలనీ చుట్టూ కారు నడపడం, ఒక అంతస్తు లిఫ్టులో వెళ్లడం. భయం పైకెక్కినా సగానికి దిగేదాకా అక్కడే ఉండాలి. మధ్యలో దిగిపోతే పాఠం తలకిందులవుతుంది. రోజూ చేస్తూ, తేలికయ్యాక పై మెట్టు. వాచీలో నాడి చూపించే ఏర్పాటు తీసేయండి. గుండె బాగుందని తేలింది కాబట్టి, డాక్టరుతో ఒక మాట అనుకుని, ఇంట్లోనే ఒక నిమిషం మెట్లు ఎక్కి దిగి కావాలని దడ తెచ్చుకోండి. దడ వచ్చి పోయింది, మీకేమీ కాలేదు అన్నది మెదడు స్వయంగా చూసి నేర్చుకోవాలి, చెబితే నమ్మదు. ఈ పద్ధతే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. క్లినికల్ సైకాలజిస్టు దగ్గర వారానికొకసారి చొప్పున 12 వారాలు చేసినవాళ్లలో ఎక్కువమంది మెరుగుపడతారు.

థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి ఉండకపోతే ఒకసారి చేయించండి, ఆ రెండింట్లో తేడా ఉన్నా దడ పుడుతుంది. నైట్ షిఫ్టులో మెలకువకోసం తాగే కాఫీలు కూడా. తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఉదయం 8కి పడుకునేవాళ్లు రాత్రి ఒంటిగంట తర్వాత కాఫీ ముట్టకూడదు.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక హెచ్చరిక. ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి, నడిస్తే వచ్చి ఆగితే తగ్గడం, ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమట, 15 నిమిషాలు దాటి ఉండడం: వీటిని టెన్షన్ అని మీరే తేల్చుకోకండి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసంతోనే గుండెపోటు వస్తుంది. ముందు ఈసీజీ, తర్వాతే మిగతా మాట.

ప్రశ్న: రోజుకు ఏడెనిమిది టీలు తాగుతాను. టీ తాగితేనే టెన్షన్ తగ్గుతుంది. కానీ చేతులు వణుకుతున్నాయి.
(దుకాణదారు, తాడేపల్లిగూడెం)

జవాబు: టీ తగ్గిస్తున్న టెన్షన్‌లో కొంత, గత టీ దిగిపోవడం వల్ల వచ్చిందే. ఒక్కసారిగా మానేయకండి. మరునాటికే తలనొప్పి మొదలై వారం దాకా వేధిస్తుంది, అది తట్టుకోలేక మళ్లీ తాగుతారు. మూడు రోజులకొక కప్పు చొప్పున తగ్గించి మూడు కప్పుల దగ్గర ఆగండి. చివరి కప్పు మధ్యాహ్నం మూడింటికి. భోజనానికి ముందూ వెనకా గంటసేపు టీ వద్దు, అన్నంలోని ఇనుము ఒంటికి పట్టనివ్వదు. రక్తం తగ్గితే అదొక కొత్త దడ.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ, విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీ. వీకెండ్ టెస్టు ఉన్న ఉదయం వాంతులు చేసుకుంటోంది. వార్డెన్ ఫోన్ చేస్తే వెళ్లి ఇంటికి తెచ్చుకుంటున్నాం. ఇంట్లో గంటకే బాగైపోతుంది. నాటకమా?
(ఒక తల్లి, ఒంగోలు)

జవాబు: నాటకం కాదమ్మా. భయం వేసినప్పుడు జీర్ణాశయం పని ఆపేస్తుంది, లోపలున్నది కిందికి దిగదు. వాంతి నిజం, కడుపునొప్పి నిజం. ఇంటికి రాగానే తగ్గడమూ నిజమే, ఎందుకంటే టెస్టు తప్పింది. అందుకే ప్రతిసారీ తెచ్చుకోవడం వల్ల వచ్చే వారం వాంతి ఇంకా ఖాయమవుతోంది.

ముందు ఇంకేవైనా కారణాలున్నాయేమో చూడండి. ఒక్కసారి డాక్టరుకు చూపించండి. హాస్టల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా, సెక్షన్ మార్చారా, మార్కుల జాబితా గోడకు అంటిస్తున్నారా, అందరి ముందు తిడుతున్నారా అని అడగండి. వీటిలో ఏదైనా ఉంటే అది అమ్మాయి సమస్య కాదు, మీరు వెళ్లి ప్రిన్సిపాల్‌తో తేల్చాల్సిన సమస్య.

అవి లేకపోతే ఇలా చేయండి. టెస్టు రోజు అల్పాహారం రెండు గంటల ముందు, రెండు ఇడ్లీలు చాలు. పాలు, నూనె పూరీలు వద్దు. గదిలోకి వెళ్లే ముందు ఐదు నిమిషాలు పైన చెప్పిన 4-6 ఊపిరి. పేపరు చేతికి రాగానే మొత్తం తిరగేయకుండా, వచ్చిన ప్రశ్నలు మూడు వెతికి చేయమనండి. ఒక లెక్క 90 సెకన్లలో దారి పట్టకపోతే చుక్క పెట్టి దాటాలి. వాంతి వచ్చినా సరే, నోరు కడుక్కుని లోపలికి వెళ్లి కూర్చోవాలి. ఆ రోజు పది మార్కులొచ్చినా పర్వాలేదని మీరు ముందే చెప్పాలి, చెప్పాక నిజంగానే పర్వాలేదనుకోవాలి. మూడు నాలుగు టెస్టులు అలా కూర్చుంటే వాంతి తగ్గుముఖం పడుతుంది.

నిద్ర మీద బేరం ఆడొద్దు. ఈ వయసులో ఎనిమిది గంటలు కావాలి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి ఒంటిగంట దాకా స్టడీ అవర్ పెట్టి తెల్లారి ఐదింటికి లేపితే, చదివిందాంట్లో పెద్ద భాగం గాలికి పోతుంది.

ఫోన్‌లో మీ మొదటి ప్రశ్న మార్చండి. "ఎన్నొచ్చాయి?" అని మొదలైతే ఆదివారం ఫోన్ కూడా ఒక టెస్టే అయిపోతుంది. ఏం తిన్నావు, ఎవరితో కూర్చున్నావు, ఏది నవ్వొచ్చింది అని అడగండి. మార్కులు ఆమే చెబుతుంది. ఇంటర్ తప్పితే అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుందని, ఈఏపీసెట్ మళ్లీ రాయవచ్చని పరీక్షలకు ముందే మామూలు గొంతుతో చెప్పి ఉంచండి. ఫలితాల రోజు మీ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టి ఆమె పక్కన ఉండండి. తెలుగునాట ఆ ఒక్క రోజు ఎన్ని ఇళ్లు ఆరిపోతున్నాయో ఏటా చూస్తూనే ఉన్నాం. బరువు తగ్గుతున్నా, చేతి మీద కోతలు కనిపించినా, "నావల్ల మీకు ఖర్చు" లాంటి మాట వచ్చినా టెస్టులు, కాలేజీ పక్కన పెట్టి వెంటనే ఇంటికి తెచ్చుకుని మానసిక వైద్యులకు చూపించండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, 62 ఏళ్లు. మూడేళ్లుగా నిద్రకోసం ఆల్‌ప్రాజోలామ్ 0.5 వేసుకుంటున్నాను. పాత చీటీ చూపిస్తే షాపులో ఇస్తారు. మానేద్దామని రెండుసార్లు ఆపితే రెండు రాత్రులూ కన్ను మూతపడలేదు. జీవితాంతం వాడాల్సిందేనా?
(నెల్లూరు)

జవాబు: మాస్టారూ, అవసరం లేదు. కానీ రేపటినుంచి ఆపేయకండి. ఈ మందుకు మెదడు అలవాటు పడిపోతుంది. హఠాత్తుగా ఆపితే నిద్ర పట్టకపోవడమే కాదు, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. మీరు చూసిన ఆ రెండు రాత్రులు మీ అసలు నిద్ర కాదు, మందు వదిలేటప్పుడు వచ్చే తిరుగుపోటు. అది చూసి "నాకిది లేనిదే కుదరదు" అనుకోవడం దగ్గరే అందరూ చిక్కుకుంటారు.

నిద్రకూ ఆందోళనకూ దీన్ని రెండు నుంచి నాలుగు వారాలకు మించి రాయకూడదన్నది వైద్యంలో స్థిరపడిన మాట. పాత చీటీతో అమ్మడం కూడా తప్పే, ఇది షెడ్యూల్ హెచ్1 మందు, కొత్త చీటీ చూసి రిజిస్టరులో రాసుకునే ఇవ్వాలి. మీ వయసులో దీనివల్ల రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పడి తుంటి విరగడం, మరుపు పెరగడం మామూలు. మద్యం తాగేవాళ్లు దీన్ని కలిపి వేసుకుంటే ఊపిరి ఆగే ప్రమాదముంది.

తగ్గించే లెక్క ఇలా ఉంటుంది: 0.5 నుంచి 0.375, అంటే 0.25 మాత్ర ఒకటిన్నర. అక్కడ రెండు నుంచి నాలుగు వారాలు. తర్వాత 0.25. మళ్లీ అంత కాలం. తర్వాత అందులో సగం. తర్వాత ఆపడం. రెండు మూడు నెలల పని. ఒక మెట్టు దగ్గర ఇబ్బందైతే అక్కడే ఇంకో రెండు వారాలు ఆగాలి, పైకెక్కకూడదు. ఇది మీకు తీరు తెలియడానికి రాశాం. మీ కొలత, మీ గడువు డాక్టరే రాయాలి. కొందరికి నెమ్మదిగా దిగే వేరే మందుకు మార్చి తగ్గిస్తారు.

మందు తగ్గుతుంటే ఆ చోట నిద్రను నిలబెట్టేవి ఉండాలి. చాలామంది రిటైరయ్యాక ఎనిమిదిన్నరకే పక్కెక్కి, ఆరింటిదాకా దొర్లుతారు. అందులో నిద్ర ఆరు గంటలే. అలాగైతే పక్క మీద ఉండేది కూడా ఆరున్నర గంటలే చేయండి: రాత్రి 11కి పడుకుని 5:30కి లేవడం. రాత్రి ఎలా గడిచినా లేచే వేళ మారకూడదు. మొదటి వారం పగలు మత్తుగా ఉంటుంది, బండి నడపకండి. నిద్ర గట్టిపడ్డాక పడుకునే వేళను 15 నిమిషాల చొప్పున ముందుకు జరపాలి. ఇరవై నిమిషాలకు నిద్ర పట్టకపోతే లేచి ఇంకో గదిలో, చిన్న దీపం కింద ఏదైనా చదువుకోండి, కళ్లు వాలితేనే రండి. గడియారం మంచం మీదినుంచి కనబడకూడదు. మధ్యాహ్నం కునుకు 20 నిమిషాలు దాటకూడదు. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

పడుకోగానే ఆలోచనలు ముసురుకునేవాళ్లకు ఇంకో పని. సాయంత్రం ఐదింటికి ఒక నోటుబుక్కు తీసుకుని ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ఆ రోజు మనసును తొలిచేవన్నీ రాసి, ఒక్కోదాని పక్కన "చేయగలిగింది", "నా చేతిలో లేనిది" అని గుర్తు పెట్టాలి. అబ్బాయి పెళ్లి కుదరడం చేతిలో లేదు. పెన్షన్ బకాయి గురించి ట్రెజరీకి వెళ్లడం చేతిలో ఉంది. దానికి రోజు, సమయం వేసేయండి: మంగళవారం పదకొండింటికి. రాత్రి అదే ఆలోచన వస్తే "నీ వేళ రేపు ఐదింటికి" అని వాయిదా వేయడమే. పది రోజులకు మనసు ఆ మాట వింటుంది. "ఆలోచించకు" అంటే మాత్రం ఎప్పటికీ వినదు.

ప్రశ్న: అత్తమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్లు. నేను అంగన్‌వాడీలో పనిచేస్తూ అన్నీ నేనే చూస్తున్నా. మొన్న పక్క బట్టలు మూడోసారి మార్చేటప్పుడు ఆమె మీద చేయెత్తిన. రాత్రంతా ఏడ్చిన.
(కరీంనగర్ జిల్లా)

జవాబు: అక్కా, ఆ చేయి ఆగింది. మళ్లీ ఎత్తే రోజు రాకుండా చూసుకోవాలంటే ఓపిక పెంచుకోవడం మీద ఆధారపడకండి. రెండేళ్లు నిద్ర తెగితే ఎవరి ఓపికైనా అయిపోతుంది. కోపం ఎక్కుతున్నట్టు తెలియగానే, దవడ బిగిసినప్పుడో గొంతు పెరిగినప్పుడో, ఆమె జారిపోకుండా దిండు అడ్డం పెట్టి ఐదు నిమిషాలు వాకిట్లోకి వెళ్లండి. తడి బట్ట ఐదు నిమిషాలు ఆగినా ఏమీ కాదు.

పనిని విడగొట్టండి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పాలి కాబట్టి రాత్రే ఎక్కువ చంపుతుంది. గాలి పరుపు వేస్తే ఈ పని తేలికవుతుంది, పూర్తిగా పోదు. డైపరు రాత్రిపూట పెట్టడం తప్పు కాదు. మరుదులను, ఆడబిడ్డలను "కాస్త చూసుకోండి" అంటే ఎవరూ రారు. "రెండో శనివారం, నాలుగో శనివారం రాత్రి మీది" అని తారీఖు చెప్పి అడగండి. రాలేనివాళ్లు ఆయా జీతంలో ఇంత ఇవ్వాలని అంకె చెప్పండి. వారంలో కనీసం మూడు గంటలు మీరు ఆ ఇంట్లో ఉండకూడదు. ఆ మూడు గంటల్లో బట్టలుతకడం, రేషన్ తేవడం పెట్టుకోవద్దు. రెండు వారాలుగా ఏ పనిమీదా మనసు పోక, తిండి సహించక, ఉట్టిగనే ఏడుపొస్తుంటే అది అలసట దాటింది. 14416కు మీకోసమే ఫోన్ చేయండి.

ప్రశ్న: మిషన్ కుడతాను, 43 ఏళ్లు. పండగ ఆర్డర్లు వస్తే చాలు మెడ పట్టేసి, తల చుట్టూ తాడు బిగించినట్టు నొప్పి. రోజూ మాత్ర వేసుకుంటున్నా.
(తెనాలి)

జవాబు: అమ్మా, తాడు బిగించినట్టు, రెండు పక్కలా, మెడనుంచి మొదలయ్యే నొప్పి కండరాల బిగువువల్ల వచ్చేదే. అయితే నొప్పి మాత్రలు నెలలో పది పదిహేను రోజులు దాటితే ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెస్తాయి. ముందు అవి వారానికి రెండు రోజులకు తగ్గించండి.

బిగువు వదిలించే పద్ధతి ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు 1920ల్లో రూపొందించింది. కుర్చీలో ఆని కూర్చోండి. రెండు పిడికిళ్లు ఐదు సెకన్లు గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదిలేసి, అరనిమిషం ఆ వదులు ఎలా ఉందో గమనించండి. తర్వాత మోచేతులు, నుదురు, కళ్లు, దవడ, చివరికి భుజాలు చెవుల దాకా ఎత్తి వదలడం. నొప్పి పుట్టేంత బిగించకూడదు. 15 నిమిషాల పని, రాత్రి పడుకోబోయే ముందు. కుట్టేటప్పుడు గంటకోసారి దవడ చూసుకోండి. పళ్లు కలవాల్సింది నమిలేటప్పుడే. మిగతా వేళల్లో పెదాలు మూసి, పళ్లు విడిగా, నాలుక అంగిలికి ఆని ఉండాలి. హఠాత్తుగా పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చూపు మసకబారడం, మూతి వంకరపోవడం ఉంటే ఇవేమీ కాదు, వెంటనే ఆసుపత్రికి.

43 ఏళ్లంటే చత్వారం వచ్చే వయసు. సూదిలో దారం ఎక్కించడానికి చేయి దూరం జరుపుతున్నారా? అలాగైతే కుట్టు కనబడక మీరు మెడ వంచి, నుదురు చిట్లించి గంటలకొద్దీ కూర్చుంటున్నట్టే. ఇంకో మాత్ర కొనేముందు కంటి పరీక్ష చేయించుకోండి. మిషన్ ఎంత దూరంలో ఉంటుందో కొలిచి తీసుకెళ్లి, ఆ దూరానికి సరిపడే అద్దాలు అడగండి.